కాక్‌టెయిల్ అంటే మందే కదా!

డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో మేడమ్ బోర్డు మీద 'కాక్‌టెయిల్ సార్ట్' అని రాయగానే వెనక బెంచీల్లోంచి ఒక ఈల వినిపించింది. మేడమ్ కూడా నవ్వేశారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. బబుల్ సార్ట్ ఒకవైపే నడుస్తుంది. ఇది అలా కాదు, ఒకసారి ఎడమ నుంచి కుడికి, వెంటనే కుడి నుంచి ఎడమకి. బార్‌లో షేకర్‌ని అటూ ఇటూ ఊపినట్టు ఉంటుందని ఆ పేరు. షేకర్ సార్ట్ అని కూడా అంటారు. వరస్ట్ కేస్ మాత్రం అదే ఎన్ స్క్వేర్. పేరులో ఉన్నంత కిక్కు పనిలో లేదు.

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పదం వింటే నాకు మా తాత పచ్చబడిన కళ్లు గుర్తొస్తాయి.

ఎందుకో చెప్పే ముందు ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్న బ్యాచ్. కాబట్టి 'ఇంగ్లిష్ పదాలు వాడకండి, తెలుగు చచ్చిపోతోంది' అనే వ్యాసం ఇది కాదు. అలా రాసే అర్హత నాకు లేదు. నా గొడవ ఒక్క పదంతోనే, అది కూడా ఒక్క చోటే.

పోయినేడాది ఎండాకాలం సెలవులకి ఇంటికి వెళ్లేసరికి తాతకి నెల రోజులుగా దగ్గు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. పంచె నడుం మీద నిలవట్లేదని నాయనమ్మ అంది. గళ్ల పరీక్ష, ఎక్స్‌రే అయ్యాక టీబీ అని తేలింది. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, ఆరు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా వేసుకోవాలని డాక్టర్ చెప్పాడు. "మందు తాగుతవా పెద్దయ్యా?" అని కూడా అడిగాడు. "లేదు సారూ, ముట్ట" అన్నాడు తాత. అబద్ధం చెప్పలేదు. అది తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక అందరూ నా చుట్టూ చేరారు. ఇంజినీరింగ్ చదువుతున్నాను కదా, కాగితం మీద ఇంగ్లిష్‌లో ఏది రాసి ఉన్నా చదివి చెప్పాల్సింది నేనే. తాత బరువు అప్పుడు 46 కిలోలు, ఆ బరువుకి రోజుకి మూడు గోలీలు. ఒక్కో గోలీలో నాలుగు మందులు: ఐసోనియాజిడ్ 75 మిల్లీగ్రాములు, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275.

"గీ సన్న గోలీల నాలుగు మందులున్నయా? ఎందుకురా నాలుగు?" అన్నాడు తాత.

ఎందుకో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మాత్రం నాకు రాదు. "కాక్‌టెయిల్ తాతా! నాలుగు కలిపి కొట్టుడే" అన్నాను. బాబాయ్ పగలబడి నవ్వాడు. తాత కూడా నవ్వుతూ, "కాక్‌టెయిల్ అంటే మందే కదరా!" అన్నాడు. నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఇక్కడ కథ ఆపి ఆ పదం చరిత్ర కొంచెం చెప్పాలి. ఎందుకంటే తాత అన్నది తప్పేం కాదు. కాక్‌టెయిల్ పుట్టుకలోనే మందు ఉంది, మన తెలుగు మాట 'మందు'కి ఉన్న రెండు అర్థాల్లోనూ.

ఆ పేరు ఎలా వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. తోక కత్తిరించిన, మేలు జాతి కాని గుర్రాన్ని అలా పిలిచేవాళ్లని ఒక కథ, ఇంకా బోలెడు కథలు ఉన్నాయి. కానీ 1806లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పత్రిక, కాక్‌టెయిల్ అంటే ఏంటో పాఠకుడికి విడమరిచి చెప్పింది: ఏదో ఒక సారా, చక్కెర, నీళ్లు, బిటర్స్. ఈ బిటర్స్ అంటే చేదు వేర్లు, బెరళ్లు సారాలో నానబెట్టి తీసిన కషాయం. అప్పట్లో కడుపునొప్పికీ, అజీర్ణానికీ చుక్కలు చుక్కలుగా వేసుకునే మందు. ఇవాళ్టికీ బార్లలో కనిపించే ఆంగోస్తురా బిటర్స్‌ని తయారు చేసింది ఒక సర్జన్. జోహాన్ సీగర్ట్ అనే జర్మన్ డాక్టర్, వెనిజులాలో బొలీవర్ సైన్యానికి వైద్యం చేస్తూ 1824లో దాన్ని తయారు చేశాడు. జిన్ అండ్ టానిక్‌లో టానిక్ సంగతీ అంతే. అందులో చేదు క్వినైన్‌ది, మలేరియా మందు. మన దేశంలో ఉన్న తెల్లవాళ్లు ఆ చేదు మింగలేక జిన్ కలుపుకున్నారు.

అంటే మందు డాక్టర్ దగ్గర్నుంచి బార్‌కి వెళ్లింది. రెండు వందల ఏళ్లలో పేరు మార్చుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి వచ్చింది. మధ్యలో యుద్ధానికి కూడా వెళ్లొచ్చింది. 1939లో సోవియట్ సైన్యం ఫిన్లండ్ మీదికి వచ్చినప్పుడు, మేం వేసేది బాంబులు కాదు, ఆకలితో ఉన్నవాళ్లకి ఆహారం అని వాళ్ల విదేశాంగ మంత్రి మొలొటొవ్ చెప్పుకున్నాడట. భోజనం పంపావు కదా, ఇదిగో దాంతోపాటు తాగడానికి అని ఫిన్నులు పెట్రోలు సీసాలకి నిప్పంటించి ట్యాంకుల మీద విసిరారు. వాటి పేరే మొలొటొవ్ కాక్‌టెయిల్.

తమాషా ఏంటంటే తెలుగులో 'మందు' కూడా సరిగ్గా ఇన్ని చోట్లకీ వెళ్లింది. జ్వరానికి మందు, సాయంత్రం మందు, తుపాకి మందు, పురుగుల మందు. 'మందు కొట్టాడు' అంటే పత్తి చేనులో కొట్టాడో, వైన్ షాపు పక్కన కొట్టాడో ముందూ వెనకా చూస్తే గానీ తెలియదు. కంపైలర్‌కి ఇస్తే ఆంబిగ్యుయస్ అని ఎర్రర్ కొడుతుంది. మనుషులం మాత్రం ఎర్రర్ రాకుండానే రన్ చేసేస్తాం. అసలు ప్రమాదం అక్కడే.

ఐదో వారంలో తాతకి అన్నం సయించలేదు. వాంతులు. కళ్లు పచ్చగా అయ్యాయి. పరుగెత్తుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే రక్తపరీక్షలో లివర్ దెబ్బతిన్నట్టు తేలింది.

"మందు తాగనన్నవ్ గద పెద్దయ్యా?"

"మందు తాగలే సారూ. కల్లే తాగిన."

మా వైపు కల్లు మందు కాదు. సీసా మూత తిప్పితే వచ్చేది మందు. చెట్టు మీద నుంచి దిగేది కల్లు. తాత లెక్కలో డాక్టర్ ప్రశ్నకి ఆయన జవాబు నూటికి నూరుపాళ్లు నిజం. డాక్టర్ అడగాల్సింది 'మందు తాగుతవా' అని కాదు, 'కల్లు తాగుతవా' అని. పైగా ఇప్పుడు చాలా చోట్ల కల్లులో చెట్టు నుంచి వచ్చింది ఎంతో, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ లాంటి మత్తు గోలీల పొడి ఎంతో అమ్మేవాడికే తెలియాలి. అది ఎవరూ ఆర్డర్ చేయని ఇంకో కాక్‌టెయిల్.

అప్పుడు తాత, నేను వెనకే నిలబడి ఉండగా, సగం నవ్వుతూ అన్నాడు: "మా మనుమడు గూడ చెప్పిండు సారూ, ఇది గూడ అసొంటిదే అని. గందుకే రెండూ పడతయేమో అనుకున్న."

డాక్టర్ నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నా జోక్ వల్లే కామెర్లు వచ్చాయని నేను అనట్లేదు. ఆ నాలుగు మందుల్లో మూడు (ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్) వాటంతట అవే కొందరిలో లివర్‌ని దెబ్బ తీస్తాయి, వయసు మీద పడినవాళ్లలో ఇంకా ఎక్కువ. కల్లు మానేసినా రావచ్చు. కానీ 'ఎందుకురా నాలుగు?' అని ఆ రోజు ఆయన అడిగింది అసలైన ప్రశ్న. నేను దానికి ఒక పదం ఇచ్చాను, జవాబు ఇవ్వలేదు. జవాబు ఇచ్చి ఉంటే, మందులు లివర్ మీద బరువు వేస్తాయి, కల్లు కూడా అదే పని చేస్తుంది అనే మాట ఎక్కడో ఒకచోట వచ్చి ఉండేది.

తర్వాత జరిగింది ఏ ప్రోగ్రామర్‌కైనా వెంటనే అర్థమవుతుంది. నాలుగు కలిసిన గోలీ ఆపేశారు. లివర్ కుదుటపడే దాకా ఆగి, మందుల్ని విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ మొదలుపెట్టారు. ఒకటి మొదలుపెట్టడం, కొన్ని రోజులు చూడటం, రక్తపరీక్ష. బాగుంటే రెండోది. మనం కోడ్ క్రాష్ అయితే అన్నీ కామెంట్ చేసేసి ఒక్కో లైన్ తెరిచి చూస్తామే, అదే. కాకపోతే ఇక్కడ క్రాష్ అయింది మా తాత.

ఆ రోజుల్లో హాస్టల్లో కూర్చుని, నేను మొదటే చదవాల్సింది చదివాను. నాలుగు మందులకీ నాలుగు వేరే వేరే పనులు. ఐసోనియాజిడ్ చురుగ్గా పెరుగుతున్న క్రిముల్ని వేగంగా చంపుతుంది. రిఫాంపిసిన్ నిద్రపోతూ అప్పుడప్పుడు లేచే వాటిని కూడా పట్టుకుంటుంది (మూత్రం ఎర్రగా వచ్చేది కూడా దీనివల్లే, నాయనమ్మ అది రక్తం అనుకుని రెండు రోజులు ఏడ్చింది, దాని గురించి కూడా నేను ముందు చెప్పలేదు). పైరజినమైడ్ ఆమ్లం ఉన్న చోట దాక్కున్న వాటి మీద పనిచేస్తుంది. ఇథాంబ్యుటాల్ కాపలా: మిగతావాటిలో ఏదైనా ఒకటి పనిచేయకపోతే క్రిములు మొండిబారకుండా చూస్తుంది.

అసలు ఒక్కటే ఎందుకు ఇవ్వరంటే, ఇచ్చి చూశారు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చినప్పుడు బ్రిటన్‌లో జరిగిన ప్రఖ్యాత ట్రయల్‌లో రోగులు మొదట్లో బాగా కోలుకున్నారు, కొన్ని నెలలకి చాలామందిలో క్రిములు ఆ మందుకి లొంగడం మానేశాయి. దానికి ఇంకో మందు పాస్ కలిపి ఇస్తే మొండిబారడం బాగా తగ్గింది. దీని వెనక లెక్క మనం ఇంటర్‌లో చదివిన ప్రాబబిలిటీయే. ఐసోనియాజిడ్‌కి పుట్టుకతోనే లొంగని క్రిమి సుమారుగా పది లక్షల్లో ఒకటి. రిఫాంపిసిన్‌కి లొంగనిది పది కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో ఒక్క పుండులోనే వంద కోట్ల దాకా క్రిములు ఉండొచ్చు. అంటే ఒక్క మందే వేస్తే తప్పించుకునేవి ముందే లోపల సిద్ధంగా ఉన్నాయి. కానీ రెండింటికీ ఒకేసారి లొంగనిది? ఇండిపెండెంట్ ఈవెంట్స్, గుణించాలి: ఒకటి పక్కన 14 సున్నాలు, అన్నింట్లో ఒకటి. అన్ని క్రిములు ఏ మనిషి ఒంట్లోనూ ఉండవు.

'పి ఆఫ్ ఎ ఇంటర్‌సెక్షన్ బి' అని ఎన్నిసార్లు రాశానో పరీక్షల్లో. అది ఒక మనిషి బతకడానికి సంబంధించిన విషయం అని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఇదే తర్కం టీబీ దాటి వెళ్లింది. 1960ల మొదట్లో అమెరికాలో పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ వైద్యం పేరు వాంప్. అందులో 'ఎ' అంటే అమెథాప్టెరిన్, అంటే ఇప్పటి మెథోట్రెక్సేట్. అది లెడర్లీ కంపెనీలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం నుంచి వచ్చింది. ఆయన 1948లోనే పోయారు, ఈ నాలుగు మందుల వైద్యాన్ని చూడలేదు. 1996లో ఎయిడ్స్‌కి మూడు మందులు కలిపి ఇచ్చినప్పుడు పత్రికలు 'ఎయిడ్స్ కాక్‌టెయిల్' అని పేరు పెట్టాయి. చావు ఖాయం అనుకున్న జబ్బుతో జనం ఏళ్ల తరబడి బతకడం మొదలైంది. 2001లో ముంబై కంపెనీ సిప్లా ఆ మూడు మందుల్ని రోజుకి ఒక డాలర్ కంటే తక్కువకి ఇస్తామన్నాక ఆఫ్రికాలో పేదవాడికి కూడా అది అందే దారి దొరికింది.

మరి ఇంత గొప్ప విషయాన్ని కాక్‌టెయిల్ అంటే తప్పేంటి? మా రూమ్మేట్ అడిగింది కూడా ఇదే. "పదానిదేం తప్పురా, నీకు గిల్టీగా ఉంది, అంతే" అన్నాడు. గిల్టీగా ఉన్న మాట నిజమే. అయినా పదానికి కూడా కొంత బాధ్యత ఉందనే నేను అంటాను. బార్‌లో కాక్‌టెయిల్ మీ ఇష్టం. పుదీనా లేకపోతే నిమ్మకాయ, అదీ లేకపోతే స్ప్రైట్. ఏది తీసేసినా ఇంకో పేరుతో ఇంకో డ్రింక్ అవుతుంది తప్ప ఎవరూ చావరు. మందుల కలయిక దీనికి పూర్తిగా ఉల్టా. అందులో ప్రతిదానికీ 'నువ్వెందుకు ఉన్నావు?' అని అడిగితే జవాబు ఉండాలి. ఒకటి మానేస్తే మిగతావి పనికిరాకుండా పోవచ్చు. ఒకే పేరు పెట్టేసరికి మొదటి దాని స్వేచ్ఛ రెండోదానికి అంటుకుంటుంది.

అంటుకోవడం నేను ఊహించి చెప్పట్లేదు. మన హాస్టల్లో జ్వరం వస్తే ఏం చేస్తాం? మెడికల్ షాపుకి వెళ్లి 'అన్నా, ఒక సెట్ ఇవ్వు' అంటాం. స్ట్రిప్ నుంచి కత్తిరించిన ఒక తెల్లది, ఒక పచ్చది, ఒక క్యాప్సూల్, కాగితంలో చుట్టి మూడు పూటలకి. అందులో ఒక యాంటీబయాటిక్, మూడు డోసులే. అంటే సరిగ్గా మొండి క్రిముల్ని మిగిల్చేంత. ఎన్నిసార్లు వేసుకున్నానో నాకే లెక్క లేదు, ఒక్కసారి కూడా ఏం వేశావని అడగలేదు. కంపెనీలు కూడా ఇదే చేశాయి. ఒకే గోలీలో రెండు మూడు మందులు కుక్కి అమ్ముతున్న 328 రకాల కాంబినేషన్లని 2018లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. వాటిని అలా కలపడానికి వైద్యపరంగా కారణమే లేదని నిపుణుల కమిటీ తేల్చింది. తాత వేసుకున్నదీ కాంబినేషనే, ఆ 328 కూడా కాంబినేషన్లే. తేడా 'ఎందుకు' అన్న దగ్గరే ఉంది, ఆ తేడాని కాక్‌టెయిల్ అనే పదం మింగేస్తుంది.

2021 సెకండ్ వేవ్ గుర్తుందా? 'యాంటీబాడీ కాక్‌టెయిల్' అని టీవీల్లో ఒకటే హోరు. ఒక డోసు 59,750 రూపాయలు. అందులో రెండు యాంటీబాడీలు ఎందుకు ఉన్నాయో (వైరస్ ఒకదాన్ని తప్పించుకుంటే ఇంకొకటి పట్టుకోవాలని) చెప్పిన ఛానల్ నా కంట పడలేదు. తర్వాత ఒమిక్రాన్ వచ్చి ఆ రెండింటినీ తప్పించుకుంది. అప్పుడు మాత్రం ఎక్కడా హోరు వినలేదు.

నేను అడుగుతున్నది చిన్నది. సార్టింగ్‌కి కాక్‌టెయిల్ అనండి, సమోసాకి అనండి, ఫేర్‌వెల్ పార్టీ పోస్టర్ మీద వేసుకోండి. కానీ మీ మాట విని ఒక మనిషి నోట్లో ఏదో వేసుకోబోతున్నప్పుడు మాత్రం అనకండి. మనలో చాలామందిమి మన ఇళ్లలో మొదటి ఇంగ్లిష్ రీడర్లం. డిశ్చార్జ్ సమ్మరీ చదివేది మనం, గోలీ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివేది మనం. తెలియకపోతే 'తెలియదు, కనుక్కుని చెప్తా' అనడానికి ఏ భాషలోనైనా మూడు నాలుగు పదాలే.

తాతకి పైరజినమైడ్ పడలేదు. దాన్ని వదిలేసి, మిగతావాటితో ఆరు నెలల కోర్సు తొమ్మిది నెలలు అయింది. సెలవులకి వెళ్లినప్పుడు ఈసారి కాగితం మీద బొమ్మ గీసి, లెక్కతో సహా చెప్పాను. పది కోట్లు, పది లక్షలు అన్నీ విన్నాడు. తర్వాత, మా వీధిలో ఇంకొకాయనకి టీబీ వస్తే, ఆశా వర్కర్ పక్కనే ఉండగా తాత ఆయనకి చెబుతుంటే విన్నాను: "ఊరికి నాలుగు తొవ్వలుంటయ్. ఒక్క తొవ్వల కాపలా పెడితే దొంగ ఇంకో తొవ్వల పోతడు. గందుకే నాలుగు. కల్లు జోలికి పోకు, కాపలోళ్లు పండుకుంటరు."

కల్లు తాగితే కాపలావాళ్లు పడుకోవడం కాదు, లివర్ పోతుంది అని సరిచేద్దామనుకున్నాను. ఆశా వర్కర్ అక్క అప్పటికే లివర్ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఊరుకున్నాను.

మొన్న మా చుట్టాల పెళ్లిలో కేటరింగ్ అబ్బాయి ప్లేటు పట్టుకుని మా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "కాక్‌టెయిల్ సమోసా, తాతా" అన్నాడు. తాత ఇప్పుడు 54 కిలోలు. నా వైపు ఒకసారి చూసి, ప్లేటు పక్కకి జరిపాడు.

"నాకొద్దు బిడ్డా, డాక్టరు ముట్టొద్దన్నడు."

ఈసారి నాయనమ్మ కూడా నవ్వింది.